పత్తి కాంటా మీద మెహరాజ్

తుమ్మకుంటలో బలిసిన మనిషి ఒక్కతే ఉండేది. ఆమె పేరు మెహరాజ్. మిగతా ఊరంతా ఎండుకట్టెలే. మర్రిగూడ చుట్టుపక్కల ఫ్లోరైడు నీళ్ల సంగతి తెలియనిదెవరికి? నలభై దాటకముందే నడుములు వంగిన మగవాళ్లు, వంకర కాళ్ల పిల్లలు, నవ్వితే గార పళ్లు. వానలు పడితే పత్తి, కంది. పడకపోతే మూటాముల్లె సర్దుకుని కూలికి వలస. అలాంటి ఊళ్లో, పూట గడవని దూదేకులవాళ్ల ఇంట్లో, ఎనభై కిలోల ఆడమనిషి తిరుగుతుంటే ఊరి కళ్లు ఊరుకుంటాయా? ఊరుకోలేదు.

తండ్రి ఖాసిం దూది ఏకి, బొంతలు కుట్టి, ఆ దూది పీల్చీ పీల్చీ దగ్గుతోనే పోయాడు. మెహరాజ్‌ను పదిహేడేళ్లకు కేతేపల్లికి ఇచ్చారు. పోయేనాటికి సన్నగానే ఉండేది. పెళ్లయిన రెండేళ్లకు ఒళ్లు రావడం మొదలుపెట్టింది, ముట్టు రావడం మానేసింది. ఏడాదికి రెండుసార్లు వస్తే గొప్ప. మూడు నెలలు రాకపోతే అత్త కడుపనుకుని గుడ్లు ఉడకేసి పెట్టేది. నాలుగో నెల అది కడుపు కాదని తేలితే, పెట్టిన గుడ్లన్నీ గుర్తుచేసి తిట్టేది. ఆరేళ్లు ఓపిక పట్టి, ఏడో ఏట మొగుడు ఆమెను బస్సెక్కించి, తాను దిగిపోయాడు. వెనకాలే తలాక్ కబురొచ్చింది. అప్పటినుంచి తల్లి ఇక్బాల్ బీ, తాను, తుమ్మకుంటలో ఒంటిగది ఇల్లు.

ఊరి బాల్వాడిలో ఆయా కొలువు దొరకడం ఆ ఇంటికి అల్లా పెట్టిన కూడు. పొద్దున్నే పిల్లలను ఇళ్లకు పోయి పిలుచుకొచ్చేది, ముక్కులు తుడిచేది, మొక్కజొన్నా సోయా కలిపిన పచ్చటి పిండితో ఉప్మా వండి ముప్ఫై పళ్లేల్లో సమానంగా వడ్డించేది. పిల్లలు ఆమె ఒడిలోకి ఎక్కడానికి కొట్టుకునేవాళ్లు. ఇంట్లో ఎముకల ఒళ్లే తప్ప మెత్తటి ఒడి ఎరగని పిల్లలు మరి.

ఆమె తినేది ఎంత? పొద్దున చాయ్‌లో సగం జొన్నరొట్టె, రాత్రికి ఇంత బువ్వ. రంజాన్ నెలంతా రోజా ఉన్నా పావుకిలో తగ్గేది కాదు. “నా బిడ్డ నీళ్లు తాగినా బలుస్తది” అని ఇక్బాల్ బీ అందరితో అనేది. ఎవరు నమ్ముతారు? ఆ ఊళ్లో నీళ్లు తాగితే వంగుతారు గాని బలుస్తారా?

ఇంకొకటి కూడా ఉంది. అది తల్లికీ బిడ్డకూ తప్ప మూడో మనిషికి తెలియదు. మెహరాజ్‌కు గడ్డం వచ్చేది. నూగు కాదు, గడ్డమే. తెల్లవారకముందు తలుపు గడియ పెట్టుకుని, ఖాసిం వాడిన కత్తితో గీసుకుని, పసుపు రుద్దుకుని, కొంగు గదవ కిందికి లాక్కుని బయటికి వచ్చేది. పుట్టింటికి వచ్చిన ఈ ఆరేళ్లుగా ఒక్కరోజు తప్పలేదు. జ్వరం వచ్చినా లేచేది. ఆ కత్తి సంగతి బయటపడ్డ రోజు తాను బావిలో దూకాలని ఏనాడో నిశ్చయించుకుంది.

ఇక పిండి కథ. బాల్వాడి టీచరు అరుణమ్మ. సర్పంచు గుర్వయ్య తమ్ముడి భార్య. పదో తరగతి పాసైంది. ఊళ్లో నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగింది ఆమె ఒక్కతే. ప్రతి నెలా పిండి ఇరవయ్యో తారీఖుకే అయిపోయేది. ఆ తర్వాత పది రోజులు పిల్లలు పళ్లేలు తెచ్చుకుని, వాటిమీద దరువేసుకుంటూ వెనక్కి పోయేవాళ్లు. పిండి ఎక్కడికి పోయేది? గుర్వయ్య కొట్టంలోకి. అక్కడ రెండు ముర్రా బర్రెలు ఆ పిండి కుడితి తాగి నిగనిగలాడేవి. మోసింది ఎవరు? మెహరాజే. “పురుగు పట్టిన పిండి పోరగాండ్లకు పెట్టొద్దన్నరు పైనోళ్లు. కొట్టంల ఏసి రాపో” అని అరుణమ్మ చెబితే నెలకు రెండు సంచులు నెత్తిన పెట్టుకుని పోయేది. సంచిలో పురుగు కనిపించలేదు. కనిపించలేదని ఆమె అడగనూ లేదు. ఆమె చేసిన తప్పంటూ ఏదైనా ఉంటే అదే.

తొంభై ఏడు కార్తీకంలో, పిండి అయిపోయిన మూడో రోజు, ఉప్పలమ్మ బాల్వాడి గడప మీదికి వచ్చి నిలబడింది. చెలకల్లో కూలికి పోయే మనిషి. ఆమె కొడుకు పెద్దులుకు మూడేళ్లు. పేరే పెద్ద, ఒళ్లు పిడికెడు. చేతిలో వాడి ఖాళీ పళ్లెం. మెహరాజ్‌ను కాలి నుంచి తల దాకా చూసింది.

“పోరగాండ్ల కూడు యాడికి పోతాందో అడుగుడెందుకు? కండ్లకు కనవడ్తనే ఉన్నది గద” అంది.

“ఉప్పలక్కా, నా తల్లి మీద ఒట్టు. చెంచెడు తినలే నేను.”

“తినకుంటనే గంత ఒళ్లు యాడికెల్లి వచ్చిందే?”

అరుణమ్మ అక్కడే ఉంది. రిజిస్టరులో తల పెట్టుకుని ఏదో రాసుకుంటూ కూర్చుంది. ఆమె సన్నటి మనిషి, గాజులు మోచేతి దాకా జారేవి. సన్నటి మనిషి మీద ఎవరికి అనుమానం వస్తుంది?

పంచాయితీ గుర్వయ్య ఇంటి ముందరి వాకిట్లో కూర్చుంది. పత్తి కొనుగోలు కాలం కాబట్టి దూలానికి పెద్ద కాంటా వేలాడుతూనే ఉంది. ఎవరికి తోచింది వాళ్లు అరిచారు. చివరికి మారయ్య చెయ్యెత్తాడు. ముప్ఫై ఏళ్లు పత్తి తూచిన పెద్దమనిషి, అబద్ధమాడడని పేరు.

“లొల్లి ఎందుకు? నీళ్లు జల్లిన పత్తిని ఎట్ల పడ్తం మనం? తూచుతం, ఎండేస్తం, మల్ల తూచుతం. తగ్గిందంత నీళ్లే గద. ఇయ్యాల మెహరాజ్‌ను తూచుదాం. బాల్వాడిల పిండి పెట్టే కొట్టుకు తాళమేసి చెవి సర్పంచు దగ్గర పెడదాం. రోజుకింత అని ఆయన చేతుల మీద పిండి ఇయ్యాలె. ఉగాదికి మల్ల తూచుదాం. తగ్గితే తిన్నట్టు. తగ్గకుంటె మనమే ఆ పిల్ల కాళ్లు మొక్కుదాం.”

ఊరికి అది ఎంతో న్యాయంగా తోచింది. మాట్లాడకుండా ఉండాల్సిన ఇక్బాల్ బీ కూడా “సరే బాపూ” అంది. అందరికంటే సంబరపడింది మెహరాజ్. తన ఒళ్లు తనకు తెలుసు. నెల రోజుల రోజాలకే కరగనిది ఉగాది దాకా కరుగుతుందా? ఈ ఊరు తన కాళ్లు మొక్కే రోజు ఉగాదే అనుకుంది.

పత్తి నింపిన గోనె బోరెం పెట్టే పలక మీద ఆమెను కూర్చోబెట్టారు. గొలుసులు కిర్రుమన్నాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒకడు “పత్తి పచ్చిగున్నది, రేటు తియ్యి!” అని అరిచాడు, వాకిలంతా నవ్వింది. మెహరాజ్ కొంగు గదవ దాకా లాక్కుని కళ్లు మూసుకుంది. ఎనభై ఒకటి. మారయ్య బొగ్గుతో గోడ మీద రాయించాడు.

గుర్వయ్య బర్రెలకు ఆ రోజు నుంచి పత్తిగింజల చెక్క పెట్టారు.

పదిహేను రోజులు గడిచాయి. మర్రిగూడ బడిలోకి పట్నం నుంచి డాక్టర్లు వచ్చారు, ఎముకల రోగాన్ని పరిశీలించడానికి. నెలకోసారి వస్తామన్నారు. మోకాళ్లు పట్టేసిన తల్లిని తీసుకుని మెహరాజ్ పోయింది. చిన్న వయసు డాక్టరమ్మ ఒకామె ఇక్బాల్ బీ మోకాలు నొక్కుతూ నొక్కుతూ తలెత్తి మెహరాజ్ మెడ వైపు చూసింది. మెడ వెనక తోలు నల్లగా, మందంగా ఉంది. ఎంత తోమినా పోని నలుపు.

“ఇటు రామ్మా” అని తెర వెనక్కి పిలిచి, కొంగు తీయమంది. మెహరాజ్ తీయలేదు. డాక్టరమ్మే మెల్లగా పక్కకు జరిపి గదవ మీద వేలితో రాసింది. గరుకు. మెహరాజ్‌కు బయటికి పరుగెత్తాలనిపించింది. డాక్టరమ్మ నవ్వలేదు.

“ముట్టు ఎన్నాళ్లకోసారి వస్తుంది?”

పదేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి. మెహరాజ్ ఏడ్చేసింది.

పట్నం పిలిపించి స్కానింగ్ తీశారు. అండాశయాల నిండా జొన్నగింజలంత నీటి బుడగలు ఉన్నాయని డాక్టరమ్మ తెర మీద చూపించింది. ముట్టు రాకపోవడం, గడ్డం రావడం, తినకపోయినా బలవడం, మెడ నలుపు, అన్నీ ఒకే రోగమని చెప్పింది. మెహరాజ్‌కు అర్థమైంది ఒక్కటే. తన మీద ఎవరి దిష్టీ లేదు, ఎవరి శాపమూ లేదు. తనకున్నది రోగం.

“ఈ గోలీలు షుగర్ ఉన్నవాళ్లకు ఇస్తారు. నీకు షుగర్ లేదు. కానీ నీ ఒంట్లో తయారయ్యే ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదు, దాన్ని ఇది దారిలో పెడుతుంది. ఈ రోగానికి ఈ మందు విదేశాల్లో ఇప్పుడిప్పుడే వాడి చూస్తున్నారు. పనిచేస్తుందని ఒట్టు వేసి చెప్పలేను. చూద్దామా?” అంది డాక్టరమ్మ.

“విషమైనా సరే ఇయ్యమ్మా” అంది మెహరాజ్.

మెట్‌ఫార్మిన్. బువ్వతో పాటు వేసుకోవాలి, అన్నం తగ్గించి రొట్టె తినాలి, రోజూ నడవాలి. మొదటి మూడు వారాలు ఆ మందు ఆమె ప్రాణం తోడేసింది. చెంబు పట్టుకుని చెలకల వైపు పరుగులే పరుగులు. నోట్లో ఇనుము నాకినట్టు ఎప్పుడూ ఒకటే రుచి. ఆకలి చచ్చిపోయింది. ఉప్మా వాసనకే కడుపులో తిప్పేది. అయినా ఒక్క గోలీ మానలేదు.

నెలన్నర తిరిగేసరికి ముట్టు వచ్చింది. ఎనిమిది నెలల తర్వాత. ఆ పొద్దున తల్లిని పట్టుకుని, పెళ్లి కుదిరిన పిల్లలా ఎగిరింది. ముప్ఫై ఏళ్ల మనిషి! ఇక్బాల్ బీ సేమియా వండింది. మళ్లీ నెలకు మళ్లీ వచ్చింది. గడ్డం కత్తి రోజు విడిచి రోజు పడితే సరిపోతోంది. అద్దంలో తన ముఖం తాను చూసుకోవడానికి భయం తగ్గింది. ఈ సంతోషంలో పడి ఆమె ఒక్క సంగతి గమనించలేదు. గమనించింది తల్లి.

“బిడ్డా, నీ రైక వదులైంది” అంది ఒకనాడు, భుజం దగ్గర గుడ్డ పట్టి చూస్తూ.

మెహరాజ్ పరుగెత్తి పెట్టెలో పాత రైకలన్నీ తీసి తొడిగి చూసింది. అన్నీ వదులే.

ఆ నెల మర్రిగూడలో డాక్టరమ్మ ఆమెను మిషన్ మీద నిలబెట్టి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. “డెబ్భై మూడు! ఎంత తగ్గావమ్మా! నా దగ్గర మందు వాడే ఆరుగురిలో నువ్వే ఫస్ట్.” మెహరాజ్ ఆమె చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, ముట్టు వచ్చుకుంట బరువు తగ్గకుంట ఉండే గోలీలు లేవా?”

డాక్టరమ్మ అది పరాచికమనుకుని నవ్వింది. బరువు తగ్గాలని ఎంతమంది ఏడుస్తారో తెలుసా అంది. ఈ మందుతోనే రెండూ జరిగాయి, మానేస్తే మళ్లీ మొదటికొస్తావంది. పంచాయితీకి చూపించాలి, ఒక చీటీ రాసియ్యమని మెహరాజ్ బతిమాలితే, వెనక వరుసలో అరవై మంది నిలబడి ఉండగా నాలుగు వరుసలు ఇంగ్లీషులో గీకి, ముద్ర కొట్టి ఇచ్చింది. ఏ పంచాయితీ, ఎందుకు అని అడిగే తీరిక ఆమెకు లేదు.

ఉగాదికి ఇంకా ఇరవై రోజులుంది. ఇక్బాల్ బీ గోలీల డబ్బా లాక్కుని బియ్యపు కుండలో దాచింది. “ఇయ్యాలటి నుంచి బంద్. తిను. కండ్లు మూసుకొని తిను.” తన వంతు బువ్వ కూడా బిడ్డ పళ్లెంలో వంపేది. పెసరపప్పు, చేబదులు తెచ్చిన నెయ్యి, గంజి, ఏది దొరికితే అది. పదేళ్లు తినకుండా బలిసిన మనిషి ఇప్పుడు బలవడానికి కూర్చుని తింది. కుడిచిందంతా ఒకోసారి పెరట్లో కక్కేది. తల్లి మళ్లీ వడ్డించేది. ముసలామె చెంపలు ఆ ఇరవై రోజుల్లో లోపలికి పీక్కుపోయాయి. బిడ్డకు మాత్రం రైక అలాగే వదులు. ఆ నెల ముట్టు కూడా రాలేదు.

ఉగాది పచ్చడి తిన్నాక ఊరంతా గుర్వయ్య వాకిట్లో చేరింది. గోడ మీద 81 చెరగలేదు. మెహరాజ్ పలక మీద కూర్చుంది. మారయ్య గుండ్లు ఒక్కొక్కటే పెడుతూ, తీస్తూ, ముల్లు నిలిచేదాకా ఓపికగా చూశాడు. తప్పు తూయకూడదని రెండోసారి కూడా తూచాడు. డెబ్భై నాలుగు.

“ఏడు కిలోలు” అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. నిజానికి బాధే ఉంది. ఆ పిల్ల గెలవాలని ఆయనకూ ఉన్నట్టుంది.

“పిండి గూడ నెలాఖరు దాక వచ్చింది నాలుగు నెలలు. ఒక్కనాడు గూడ పోరగాండ్లు ఉత్త పళ్లెంతోని పోలే” అన్నాడు గుర్వయ్య. అది అబద్ధం కాదు. ఉప్పలమ్మ పెద్దులును ఎత్తి చూపించింది. వాడి చెంపల మీదికి కాస్త కండ వచ్చింది. దానికి మించిన సాక్ష్యం ఏం కావాలి?

మెహరాజ్ చీటీ తీసి మారయ్య చేతికిచ్చింది. “డాక్టరమ్మ రాసింది బాపూ. చదివియ్యి.” చదివేది ఎవరు? అరుణమ్మే. ఆమె చీటీని అటూ ఇటూ తిప్పి, పెదవులు కదుపుతూ చదువుకుంది. వాకిలంతా చెవులు రిక్కించింది.

“మెట్‌ఫార్మిన్ అని రాసింది. ఇవి షుగర్ గోలీలు. మా నాయిన ఏస్కుంటడు గద, నాకెర్కే. కింద ఇంకేందో ఉన్నది, గది నాకు సమజైతలేదు” అంది అరుణమ్మ. అర్థం కాలేదన్నది నిజమే. అర్థం చేసుకోవాలని ఆమె ప్రయత్నించలేదన్నదీ నిజమే.

వాకిట్లో గుసగుస లేచింది. షుగరా? షుగర్ అంటే ఉన్నోళ్ల రోగం. నల్లగొండ సేట్లకు వచ్చే రోగం. తిని తిని కూర్చుంటే వచ్చే రోగం.

“దూదేకులోళ్ల ఇంట్ల షుగర్ వచ్చేంత కూడు యాడిదే?” అని ఒక ఆడగొంతు అరిచింది. జనం గొల్లుమన్నారు.

“నాకు షుగర్ లేదు!” అని మెహరాజ్ అరిచింది.

“షుగర్ లేనిదానివి షుగర్ గోలీలు ఎందుకు మింగినవ్?” మారయ్య అడిగాడు. ఎగతాళిగా కాదు, తెలుసుకోవాలనే అడిగాడు. “చెప్పు బిడ్డా. ఏం రోగమో చెప్పు. ఇంటం.”

చెప్పడానికి మెహరాజ్ దగ్గర అన్నీ ఉన్నాయి. నాకు ముట్టు రాదు. నాకు గడ్డం వస్తది. దానికే ఈ గోలీలు. ఒళ్లు దానివల్ల వచ్చింది, దీనివల్ల పోయింది. నాలుగు మాటలు. ముందర నూరుమంది మగవాళ్లు. నోరు తెరిచింది.

పక్కన నిలబడ్డ ఇక్బాల్ బీ ఆమె మోచెయ్యి పట్టి గోళ్లు దించింది. చెవిలో పడేంత మెల్లగా అంది. “దొంగ అంటే నాలుగు దినాలు అంటరు. గడ్డమున్నదంటే నీ జనాజా లేచేదాక అంటరు. ఆడిదో మగదో తెల్వనిదాని ఒళ్లె పోరగాండ్లను ఏ తల్లి కూసుండనిస్తదే? నోరు ముయ్యి బిడ్డా, నీ కాళ్లు మొక్కుత.”

మెహరాజ్ నోరు మూసింది. మళ్లీ తెరిచింది. “పిండి కొట్టంలకు...” అని ఒక మాట జారింది.

గుర్వయ్య గబుక్కున లేచి, “జర ఆగున్రి, భయపడ్డది పిల్ల, నేను మాట్లాడ్త” అని ఆమెను గోడ చాటుకు తీసుకుపోయాడు. కోపపడలేదు. ఇంటి మనిషిలా మాట్లాడాడు.

“కొట్టంలకు ఎవరు మోసిన్రే సంచులు? నువ్వే గద. చూసినోళ్లు ఉన్నరు. ఇంక నువ్వు లొల్లి చేస్తే నేను పైకి రాయవలసి వస్తది. ఆఫీసర్లు వస్తరు, మగ డాక్టర్లు వస్తరు, నీ గోలీలేంది, నీ రోగమేంది అని నిన్ను నిలవెట్టి చూస్తరు. గదంత నీకెందుకు? తిన్న, తప్పైంది అను. కొలువు పోనియ్య. నాది పూచీ. నీ తల్లి మొకం చూసి చెప్తున్న.”

అంత తక్కువ మాటల్లో అంత పెద్ద సంగతి తేలిపోయింది. తల్లి గోళ్లూ గుర్వయ్య మాటలూ ఒకే వైపు తోశాయి. తిరిగి వాకిట్లోకి వచ్చి నేల చూస్తూ నిలబడింది.

“తిన్న” అంది.

“గట్టిగ చెప్పు.”

“తిన్న. పోరగాండ్ల పిండి తిన్న. తప్పైంది.”

వాకిలంతా ఊపిరి వదిలింది. ఎంత హాయి ఊరికి! తగాదా తీరింది, న్యాయం గెలిచింది, కాంటా అబద్ధమాడలేదు. మారయ్య కళ్లు తుడుచుకున్నాడు. ఒప్పుకున్నదాన్ని పనిలోంచి తీయొద్దని ఆయనే గట్టిగా చెప్పాడు. పెద్దులు కాళ్లు మొక్కితే చాలన్నాడు.

ఉప్పలమ్మ కొడుకును దింపింది. మెహరాజ్ వంగి, మోకాళ్ల మీద కూర్చుని, ఆ వంకర కాళ్ల మీద తల పెట్టింది. వాడు రోజూ ఆడే ఆటనుకున్నాడు. కిలకిల నవ్వి ఆమె వీపు మీదికి ఎక్కి “ఛల్ ఛల్” అన్నాడు. జనం కూడా నవ్వారు. అరుణమ్మ ఒక్కతే నవ్వలేదు. చీటీని నాలుగు మడతలు పెట్టి మెహరాజ్ చేతిలో పెట్టి ఇంటికి పోయింది.

కొట్టు తాళంచెవి మళ్లీ అరుణమ్మ కొంగుకు వచ్చింది. వైశాఖంలో పిండి ఇరవై ఐదో తారీఖుకు అయిపోయింది. మెహరాజ్ గోలీలు మళ్లీ మొదలుపెట్టి, రోజురోజుకూ తగ్గుతూనే ఉంది. తింటే బలవాలి గదా, బలవకపోతే తిననట్టే గదా అని ఒక్కడంటే ఒక్కడికి తట్టలేదు. ఇప్పుడు తినడం లేదు, అమ్ముకుంటున్నదన్నారు. గోలీల కోసం నెలనెలా మర్రిగూడ పోతే, చేసిన పాపం కడుక్కోవడానికి దర్గాకు పోతున్నదన్నారు.

మందు తన పని తాను చేసింది. దానికి ఊరితో పనేముంది? ముట్టు నెల తప్పకుండా వచ్చేది. మెడ నలుపు విరిగింది. కత్తి వారానికి రెండుసార్లు పడితే చాలు. డాక్టరమ్మ ఆమెను పక్క డాక్టర్లకు చూపించి మురిసిపోయేది. ఊళ్లో ఆడవాళ్లు మాత్రం ముఖం మీదే అనేవాళ్లు: “దొంగతిండి బంద్ పెట్టినంక నీ మొకంల కళ వచ్చిందే మెహరాజూ.” మెహరాజ్ నవ్వడం నేర్చుకుంది. డాక్టరమ్మ రాసిచ్చిన చీటీని ఒకనాడు పొయ్యిలో పెట్టింది.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం, పిల్లలు తిని పడుకున్నాక, ఉప్పలమ్మ బాల్వాడికి వచ్చింది. కొంగు చాటున గిన్నె. అందులో రెండు జొన్నరొట్టెలు, పుంటికూర. ఆ ఇంట్లో ఆ పూటకు వండింది అంతే అయి ఉంటుంది. మెహరాజ్ ముందు పెట్టి పక్కనే చతికిలబడింది.

“నువ్వు ఒప్పుకున్ననాడే నాకు నీ మీది కోపం పోయిందే. ఆకలి ఎవరికి లేదు? నేను గూడ పోరని పళ్లెంలకెల్లి ఒకపారి తిన్న. ఎవరికి చెప్పలే. మన్ను గొట్టుకపోను, తల్లినై ఉండి తిన్న” అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “నాకైతే చెప్పుకునే ధైర్నం లేకపాయె. నువ్వు నూరుమంది ముంగట చెప్పినవ్. ఇగ మీద ఆకలైతే నన్నడుగు. నాకున్నదాంట్ల పెడ్త. పోరగాండ్ల దాంట్ల చెయ్యి పెట్టకు. తిను, నా ముంగట తిను.”

మెహరాజ్‌కు ఆకలి లేదు. ఆ మందు మొదలుపెట్టిన నాటి నుంచి సరైన ఆకలి అంటూ లేదు. అక్కా, నేను తినలేదు అని చెబితే? ఇప్పుడు ఈ ఒక్కదానికి చెబితే? ఉప్పలమ్మ ముఖం చూసింది. చెబితే ఈ మనిషి, తన కొడుకు కూడు తాను తిన్న సంగతితో, ఈ ఊళ్లో ఒంటరిగా మిగిలిపోతుంది. చెప్పలేదు. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. నోరంతా ఇనుము రుచి. మింగుడు పడలేదు. నీళ్లు తాగి మింగింది. ఉప్పలమ్మ ఆమె చేతి వైపే చూస్తూ కూర్చుంది, మొదటి రొట్టె అయ్యేదాకా, రెండోది అయ్యేదాకా. గిన్నె అంచుకు అంటిన పుంటికూర కూడా వేలితో ఊడ్చి నాకింది మెహరాజ్.

“ఎంత ఆకలి మీదున్నవే తల్లీ” అని ఉప్పలమ్మ ఆమె తల నిమిరింది.

“అవునక్కా” అంది మెహరాజ్. లేచి గిన్నె కడిగి ఇచ్చింది. ఉప్పలమ్మ వాకిలి దాటేదాకా ఆగి, బాల్వాడి వెనక గోడకు పోయి, కొంగు నోట్లో కుక్కుకుని కక్కింది.